మా అన్నకి పెట్టని పంచె

"అవ్వా, రేపు పెద్దలకి పెట్టే గుడ్డల్లో ఈ పంచె ఎవురికి?"

అదా? మా అన్నకి తల్లీ. నీకు పెద్దతాత. పట్టాళంలో చేరి కాట్పాడిలో రైలెక్కినాడు. బర్మాలో జపానోళ్ళతో యుద్ధం. పోయినాడని తంతి వచ్చింది, శవం రాలా. ఇంట్లో పెండ్లి వస్తే సచ్చినోళ్ళకి గుడ్డ పెట్టల్ల కదా, మా అమ్మ ఒప్పుకోలా. "గుడ్డ పెడితే నా కొడుకు సచ్చినాడని నేనే చెప్పినట్టు" అనింది. అమ్మ పోయినాంక గూడా మేము పెట్టలా. పెడితే మా వదిన బొట్టు తియ్యల్ల. ఒడుగత్తూరు పిల్ల, కాపురం చేసింది ఎన్నాళ్ళని? కుంకుమతో ఉండనీలే అనుకుంటిమి. అదేదో గొప్ప ధర్మమని నలుగురికీ చెప్పుకుంటిని గూడా. సిగ్గులేక.

యాడుంటి? ఆ, ఈ పంచె ఇప్పుడు ఎందుకంటే, మనింటికి వచ్చిన ఒక జపానాయన వల్ల. నువ్వప్పుడు వేలూరు హాస్టల్లో ఉంటివి. ఫారిన్ కంపెనీలు వస్తా ఉండిన కొత్త. గుడియాత్తం దావలో చెప్పుల ఫ్యాక్టరీ కడతా ఉంటే మీ నాయన దాంట్లో మేస్త్రి. మిషన్లు బిగించను వచ్చినాయన్ని ఒక దినం అన్నానికి పిల్చకొచ్చినాడు. ఆయన కారానికి ముక్కు తుడుచుకుంటా గోడ మీద అన్న పటం చూసినాడు. తోడొచ్చిన ఆఫీసరు తమిళంలో చెప్పినాడు: ఈయన నాయన గూడా బర్మాలోనే పోయినాడంట, శవం రాలేదంట. వాళ్ళ దేశంలో యుద్ధంలో పోయినోళ్ళని దేవుళ్ళని చేసి గుడి కట్టినారంట. వాళ్ళమ్మ ఏటేటా ఆడికి పోయి, చప్పట్లు కొట్టి మొక్కి, మొగుడితో ఇంటి సంగతులు చెప్పుకోని ఏడ్చి వస్తాదంట.

ఆయన లేసి, పటం ముందర నడుం వంచి, రెండు చప్పట్లు కొట్టి మొక్కినాడు. మనోళ్ళని సంపినోళ్ళ కొడుకు! అప్పటిదాకా ఆ పటానికి మేమెవురమూ చెయ్యెత్తి మొక్కలా తల్లీ. నాకు తల యాడ పెట్టుకునేదో తెలీలా.

వదిన వాకిలి పట్టుకోని నిలబడి ఉండె. "ఆయమ్మకి ఏడ్చను ఒక చోటన్నా ఉండాదే" అనింది.

"నీ బొట్టు కోసరమే కదా వదినా..." అంటి.

"తంతి వచ్చిన దినమే నాకు తెలుసు అమ్మీ. మీరు ఏడ్చనిస్తే గదా" అనింది.

ఇప్పుడు తల్చుకున్నా మొగం ఎత్తలేను. ఆనాటికాణ్ణించి ఇంట్లో పెండ్లి రాలా, నీదే మొదలు. ఈ పంచె వదినే అంగడికి పోయి ఏరి తెచ్చింది. రేపు ఆయమ్మ ఏడిస్తే, పెండ్లింట్లో ఏడవగూడదని ఎవురూ నోరు ముయ్యించొద్దు. నువ్వు పక్కన కూర్చో, సరేనా?

చల్లగా ఉండు తల్లీ. పసుపు కుంకుమలతో... ఊహూ, ఆ మాట వద్దులే. నీ కష్టం నువ్వు నోరు తెరిచి చెప్పుకునే ఇల్లు దొరకనీ.