దొరగారి ఊరు

రంగూన్‌లో ముప్పై ఏళ్లు తెలుగు కూలీలతో బియ్యం మిల్లు నడిపి, వాళ్ల భాషే నేర్చిన ముసలి దొరకు మతి తప్పుతోంది. ఆ మధ్యాహ్నం ఓడలో ఆయన్ని స్కాట్లాండు పంపేస్తున్నారు. వంటమనిషి దండాసి ఆయనకు కోటు తొడుగుతున్నాడు.

“నన్నెక్కడికి పంపుతున్నార్రా?”

“మీ ఊరికే బాబూ.”

“నా ఊరు ఇదే కదా!”

“మర్సిపోనారేటి? ఏటి మీద అయిదు కమానుల రాతి వంతెన. అది దాటితే కప్పు కూలిపోయిన పాత చర్చి. దానెనక సందులో కవిగారు పుట్టిన ఇల్లు.”

“ఏ కవి?”

“మగ్గం నేసుకుంతూ పాటలు కట్టినాయన. ఆ ఇంటి గుమ్మం మరీ పొట్టిది. సిన్నప్పుడు మీ నుదురు కొట్టుకున్నాది అక్కడే. ఇదిగో, మచ్చ.”

దొర మచ్చ తడుముకున్నాడు. జ్ఞాపకం వచ్చిందేమోనని దండాసికి ఆశ పుట్టింది.

“నువ్వెప్పుడు చూశావు ఇదంతా?”

“మీరు సెప్తే ఇన్నదే బాబూ. ఇరవయ్యేళ్లుగా.”

“కాదులే. ఇంత ప్రేమగా చెబుతున్నావంటే అది నీ ఊరే,” అన్నాడు దొర జాలిగా. “నువ్వే వెళ్లు. నేనిక్కడ ఉంటాను.”

వాకిట్లో బండి వచ్చి ఆగింది. దండాసి చివరి బొత్తాం పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని లేవదీశాడు.