పురుగుల ఆటకు అత్త అడిగిన కొసరు

"అవ్వా, నువ్వే చెప్పు. ఈ గేము రేటు మళ్ళా పెంచినారు. ఇంత దుడ్లు పెట్టి కొనేది న్యాయమేనా?"

నన్నా అడుగుతాండావు? నేను గేము ఆడినదాన్నే రా, ఏమనుకున్నావు. ఈ ధర్మవరంలోనే. నవ్వొద్దు, ఇను. ఆ ఫోను పక్కన పెట్టు ముందు.

ఎనభైల్లో మాట, ఏ సంవత్సరమో గుర్తు లే. మీ నాయన ఇంకా పుట్టలే. నాకు పెండ్లయి ఏడాది కూడా కాలే. మా అత్త, అదే, మీ తాత వాళ్ళమ్మ, ఆమె అంటే నాకు ఒణుకు. కొట్టేది లే, తిట్టేది లే. మాట్లాడేదే లే, అదీ నా భయం. నేను మగ్గంలో కూర్చుంటే వెనకాల నిలబడి చూసేది, పోయేది. బాగుందని అనదు, బాగలేదని అనదు. నవ్వితే ఆమె పన్ను ఎట్లుంటాదో కూడా నాకు తెలీదు. ఈ ఇంట్లో బతుకంతా ఇట్లనే గడపాల్నా అని ఒకటే దిగులు.

ఆ పొద్దు సావుకారికి చీర ఇచ్చేసి ఇద్దరమూ వస్తాంటిమి. బస్టాండు కాడ ఒకాయప్ప కొత్తగా అంగడి పెట్టిన్యాడు. లోపల బీరువా అంత పెట్టె, దానికి అద్దం, అద్దంలో బొమ్మలు. బిళ్ళ వేస్తే ఆట. మీ తాత ఆడొచ్చి చెప్పిన్యాడు, పావలాకు మూడు ప్రాణాలు ఇస్తారని. నా కండ్లు ఆడనే ఉండాయి, కాళ్ళు ముందుకు పడలే. అత్త చూసింది.

"ఆడతావా?" అనింది.

తల ఊపినానో లేదో, ఆమె లోపలికి పోయనే పోయింది.

ఆయప్ప అర్ధరూపాయి అన్నాడు. "నిన్నటిదాకా పావలానే కదప్పా" అనింది అత్త. కరెంటు పెరిగింది, పెట్టె బాడిగ పెరిగింది అని ఏమేమో చెప్పినాడు. అర్ధరూపాయంటే అప్పుడు హోటల్లో దోసె వచ్చేది, తెలుసునా? చట్నీ ఎంతడిగితే అంత. ఆ హోటలాయన మా పెద్దమ్మకు ఏదో వరస అయితాడు... ఆ, అది పోనీలే. అత్త ఏమడిగిందంటే, "రేటు రెట్టింపు చేసినావు, ప్రాణాలు ఆరిస్తావా?"

"మూడేనమ్మా."

"అయితే కొసరు ఇయ్యి."

అప్పుడు శనక్కాయలు కొన్యా, వంకాయలు కొన్యా, తూకం అయినాక పైన ఇంత వేయాల్సిందే. కొసరు అడక్కుండా సంతలోంచి వచ్చినోళ్ళు చేతకానోళ్ళ కింద లెక్క. అత్త ఈ పెట్టెకు కూడా ఉంటాదనుకునింది. "ఇవేమన్నా వంకాయలామ్మా పైన వేసేకి?" అని ఆయప్ప నెత్తి కొట్టుకున్యాడు. ఆమె కదల్లే. వాకిట్లో జనం చేరిరి. కడాకు తాళంచెవి తీసి, పెట్టె తలుపు తెరిచి, లోపల ఏందో నొక్కి, "ఇంకో ఆట కొసరు, పో తల్లీ" అన్నాడు.

మొదటి ఆట బిరీన అయిపాయ. కొసరు ఆట ఉండాది చూడు, అబ్బా. పై నుంచి పురుగులు దిగుతాంటాయి, కింద నుంచి మనం కొట్టాల. అత్త పుట్టిల్లు ముదిగుబ్బ, శనక్కాయ చేన్లలో పెరిగింది. వాటిని చూస్తానే, "గొంగళిపురుగులే ఇవి! ఎడమపక్క చూడు!" అని నా భుజం పట్టుకునింది. నాకు ఊపొచ్చింది. చేతులు ఆడేకొద్దీ కాళ్ళూ ఆడతాండాయి, మగ్గం కింద కాలి పలకలు తొక్కినట్ల. ఆడ పలకలు యాడివి? కింద కరెంటు వైరుండాది. ఒక్క తొక్కుడుకు పీక్కొని వచ్చేసింది. పురుగులు లేవు, నేను లేను, అద్దమంతా నలుపు.

నా పాణం పోయింది. అయిపాయ, ఈ పొద్దు నన్ను పుట్టింటికి పంపిస్తారు అనుకున్నా. ఆయప్ప పెట్టె చుట్టూ తిరుగుతాండాడు. అత్త నా కాళ్ళ వంక చూసింది. అవి ఇంకా తొక్కుతానే ఉండాయి రా, భయానికి ఆపేది కూడా తెలీలే.

అప్పుడు నవ్వింది. ముందు పన్ను ఒకటి వంకర. వాకిలి పట్టుకొని నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది, కింద కూలబడి నవ్వింది. "చూడండప్పా, ఈడ కూడా నేస్తాంది నా కోడలు" అని జనానికి చెప్పింది. నా కోడలు అనింది. నేనూ నవ్వినా, ఏడ్చినా, ఏది ముందో తెలీదు.

ఆయప్ప వైరు తగిలిస్తే పెట్టె మళ్ళా ఎలిగింది. అత్త కొంగుముడి విప్పి ఇంకో అర్ధరూపాయి ఆయన చేతిలో పెట్టింది.

"కొసరు వద్దులే" అనింది. ఆమె నోట ఆ మాట నేను మళ్ళా ఎప్పుడూ ఇనలే.

నీ గేము రేటు న్యాయమో కాదో నాకేం తెలుసు నాయనా. కొనుక్కో, చల్లగుండు, ఆడేటప్పుడు నన్నూ పక్కన కూర్చోబెట్టుకో. కొసరు మాత్రం అడుగు. ఇయ్యకపోతే నన్ను పిలుచుకోని పో, నేను మాట్లాడతా... ఇదిగో చూడు, చెప్తాంటేనే కాళ్ళు ఎట్ల ఆడతాండాయో.