చర్ల సున్నా

గోదావరి గట్టున స్కేలు చూసి నీటిమట్టం రాసే కన్నమ్మ, పుస్తకం తడవకుండా కొంగులో చుట్టుకుంది. జీపు దిగిన ఇంజనీరు చెయ్యి చాపాడు.

“యాభై మూడు అడుగులా? అలా రాస్తే కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించాలి. కంప్యూటర్ లెక్కలో నలభై ఆరే వచ్చింది, దిద్దు.”

“నీళ్లు స్కేలు మీద ఉన్నయ్ సారూ, మీ కాయితం మీద కాదు.”

“ఎగువ వానలన్నీ లెక్కలో వేశామమ్మా.”

“పైనున్న చర్ల ఊరి వాన ఎంత ఏసిన్రు?”

“అక్కడ వైర్‌లెస్ పాడైంది. మూడు రోజులుగా రిపోర్టు లేదు. సున్నా వేశాం.”

“మూడు దినాల సంది తెగకుండ కొడుతుందని మా అన్న నిన్ననే ఆడికెల్లి వచ్చి చెప్పిండు. రిపోర్టు రాకుంటే వాన రానట్టేనా?”

ఇంజనీరు చెయ్యి ఇంకా చాపే ఉంది. కన్నమ్మ పుస్తకం ఇవ్వలేదు.

“నా యాభై మూడు నేను దిద్ద. జల్దీ పోయి మీ సున్నా దిద్దుకోన్రి.”