రెండో పార్సిల్

ఇంద్రేశం కొత్త లేఅవుట్. రిటైరైన జువాలజీ లెక్చరర్ చంద్రకాంత్ ఇంటి వెనక రేకుల షెడ్డు. పొదుగు గంప ముందు ఆయన, వెనక గల్లీలో ఉండే బషీరున్నీసా.

"మూతెందుకు మూస్తున్నరు సార్? జెర సూడనీయుండ్రి నా కోడిని."

"వెలుతురు పడితే బెదురుతది చెల్లె. పొదుగు మీదున్నది."

"నాకు తెల్వదా? పోయిన నెల రెండో తారీఖు నేనే గద తెచ్చిచ్చిన. ఇయ్యాల ఎంత?"

"నాలుగు."

"ముప్పై రెండు రోజులాయె. కోడికి ఇరవై ఒక్క రోజులని మా చిన్నపిల్ల మాహిరా కూడ చెప్తది."

"కొన్ని ఆలస్యమైతయి."

"పదకొండు రోజులా? కాలేజిల పిల్లలకు గిదే చెప్పిన్రా?"

"చెల్లె, ఇయ్యాల జూడు, మందుల కంపెనీల వాసన కూడ లేదు. గాలి ఎంత సల్లగ—"

"గాలి సంగతి తర్వాత. ఎత్తుండ్రి దాన్ని. నన్నైతే పొడుస్తది, మీరే ఎత్తుండ్రి."

"నన్ను పొడవదు. మొదటి రోజు కూడ పొడవలే. చెయ్యి పెడితే రెక్క లేపి చోటిస్తది. ఇగో."

"ఎంతున్నది బరువు?"

"తక్కువనే ఉన్నది."

"తక్కువనా? ఎండుటాకు లెక్కున్నది! యా అల్లా, తురాయి సూడుండ్రి, పాలిపోయింది. నేనిచ్చిన నాడు ఎర్రగ మెరుస్తుండె. మేత ఏస్తున్నరా లేదా?"

"నూకలు వేస్తున్న. జొన్నలు నానబెడుతున్న. దిగి తినదు. అరచేతిల గింజలు పోసి ముక్కు ముందట పెడుత. నాలుగు తింటది, నా ముఖం చూస్తది, ఇగ చాలంటది."

"ఆగుండ్రి. గుడ్లు ఎన్ని పెట్టిన్రు?"

"పన్నెండు."

"ఏడే ఉన్నయ్. ఇవిటి మీద నా గుర్తేది?"

"ఏం గుర్తు?"

"బొగ్గు గుర్తు సార్. పొదుగుకు ఏసే గుడ్డు మీద బొగ్గుతోని గీత పెడుతం, వేరే గుడ్డు కలవకుండ. ఆ రోజు పన్నెండిటి మీద నా చేతులతోని పెట్టిన."

"చెరిగిందేమో."

"బొగ్గంటే చెరుగుతది. గుడ్డు రంగు మారుతదా? అవి తెల్లగుండె, ఇవి మట్టి రంగున్నయ్. సార్... ఏం జేసిన్రు?"

"మొదటి పార్సిల్ల వచ్చిన గుడ్లల్ల ఒక్క పిల్ల లేవలే చెల్లె. పన్నెండూ మురిగినయి. తప్పు నాదే. అవి కొరియర్ల వచ్చినయని నీకు తెల్వదు, డబ్బా విప్పంగనే దాని కింద పెట్టిన. ప్రయాణం చేసొచ్చిన గుడ్లను ఒక రోజు మొన కిందికి పెట్టి, కదిలియ్యకుండ ఉంచాల్నంట. ముప్పై ఏండ్లు జువాలజీ చెప్పిన. గింత తెల్వలే."

"మురిగితే నా కోడిని నాకు తెచ్చియ్యాలె గద?"

"ఇయ్యాలె."

"మరి?"

"ఇంకో పార్సిల్ తెప్పించిన, ఏడే వచ్చినయి. వాటిని తీసి వీటిని పెట్టిన. నీకు చెప్పలే."

"దానికీ చెప్పలే."

"దానికెట్ల చెప్త?"

"గదే అంటున్న. నోరు లేనిది. ఎప్పుడో దిగి తిని, మట్టిల పొర్లాడాల్సింది. మల్ల మొదటికెల్లి కూసోబెడితిరి."

"తిట్టు చెల్లె. పడాల్సిందే నేను."

"తిడితే ఏమొస్తది? ఇటియ్యుండ్రి, తీస్కపోత."

"పదకొండు రోజులు. పదకొండు రోజులాగు. నిన్న ఫోన్ లైట్ పెట్టి చూసిన. ఏడిట్ల మూడింట్ల నరాలు కనబడుతున్నయి, ఎర్రటి దారాల లెక్క. ఒకదాంట్ల గుండె కొట్టుకుంటున్నది చెల్లె. ఇప్పుడు లేపితే అవి పోతయి."

"ఆగితే ఇది పోతది."

"పోదు. నేను చూసుకుంట."

"సూసుకుంటేనే గిట్లయింది. గంత పట్టు ఏంది సార్ మీకు? కోడికూర కూడ తినరు మీరు."

"ప్రసన్న కోసం."

"అక్క కోసమా?"

"రెండేండ్ల కింద మీ అక్క ఫోన్ల గుడ్లు తెప్పించింది. నీకు తెల్వదు."

"గుడ్లు సల్లబడుతున్నయ్. తువ్వాలేదన్న కప్పుండ్రి."

"నువ్వే కప్పు, కోడి నా చేతులల్ల ఉన్నది గద. విను. భానూర్ల ఆమె పుట్టింట్ల అసీల్ జాతి కోళ్లుండె. మేమిద్దరం ఇక్కడ ఇల్లు కట్టుకున్నంక ఆమెకు అదే మనాది. నాకు చెప్పకుండ ఆర్డర్ పెట్టింది. డబ్బా వచ్చిన రోజు గేటు దగ్గర నేనే ఉన్న. కొరియర్ అతని ముందటనే క్లాసు పీకిన. లారీ కుదుపులకు లోపల పొర తెగుతది, ఒక్కటి లేవది, నిన్ను మోసం జేసిన్రు అని. వాపస్ తీస్కపొమ్మన్న."

"అయిపోయిన ముచ్చట ఎందుకు సార్ ఇప్పుడు."

"ఆమె నా వెనకాల్నే నిలబడ్డది. ఒక్క మాట అనలే. లోపలికి పోయి బియ్యం కడిగింది. పోయేదాక మల్ల గుడ్ల మాట ఎత్తలే. కొట్లాడినా బాగుండు. ఎత్తకపోవుడే నన్ను తింటున్నది. ఆ డబ్బా ఏ గోదాంల మురిగిందో."

"చాయ్ తాగిన్రా పొద్దుగాల?"

"మాట మార్చకు. ఒక్క పిల్ల లేస్తే చాలు నాకు. ఒక్కటి. కోడిదేమున్నది, ఇది పోతే ఇసొంటిదే ఇంకోటి—"

"ఇసొంటిది ఇంకోటి లేదు."

"అసీలే గద. అంగట్ల దొరుకుతయి."

"దొరకది సార్. నాతోని చెప్పించకుండ్రి. మీకు చెప్పనని కసమ్ తీస్కున్నది."

"ఎవరు?"

"ఎవరైతరు? అక్క. ఆ డబ్బా వాపస్ పోలే సార్."

"నేనే పంపిన గద."

"మీరు పంపి ఇంట్లకు పోయిన్రు. అక్క బియ్యం పొయ్యి మీద పెట్టి, వెనక తలుపు నుంచి ఉరికొచ్చింది. చెప్పులు కూడ ఏస్కోలే. మా ఆయన ఆటో తీసిండు. మూల మీద కొరియర్ బండిని ఆపి తీస్కున్నరు. కొంగుల సుట్టుకొని మా ఇంటికి తెచ్చింది. మా ముసలి పెట్ట అప్పుడు పొదుగు మీదుండె. నేను పెట్టబోతే వద్దన్నది. ఒక రోజు కదిలియ్యొద్దని, మొన కిందికి పెట్టి ఉంచింది."

"ఆమెకు తెలుసా అది?"

"తెల్సు."

"లేసినయా?"

"అయిదు."

"అయిదా..."

"రోజు పొద్దుగాల వచ్చి సూసిపోయేది. మీకేమని చెప్పొచ్చేదో."

"పాల పాకెట్‌కని. ముప్పావుగంట పట్టేది. లైనున్నదేమో అనుకుంటుంటి. నాకు భయపడి చెప్పలేదా చెల్లె? నిజం చెప్పు."

"భయం కాదు సార్. నేనడిగిన. 'సారు ఓడిపోయిండని తెలిస్తే చిన్నబోతడు, ఉండనీ' అని నవ్వింది. పెద్దగైనంక చూపిస్త అన్నది. ఇంతల దవాఖాన పాలాయె."

"నువ్వన్న చెప్పకపోతివి. ఏడాదాయె ఆమె పోయి."

"పోయినామె మాట ఎట్ల తప్పుదు? మీ గేటు దాక ఎన్నిసార్లో వచ్చి మర్లిపోయిన. నాదీ తప్పే."

"ఆ అయిదు ఏమైనయి?"

"రెండు పిల్లి ఎత్కపోయింది. ఒకటి కొక్కెర రోగానికి పోయింది. ఒకటి ట్యాంకర్ కింద పడ్డది."

"అయిదోది?"

"మీ చేతులల్ల ఉన్నది సార్."