కుర్సీ కింద పాము

ఇరాన్‌లోని హమదాన్‌లో మోకాలి లోతు మంచు పడింది. కాలేజీ నుంచి వణుకుతూ వచ్చిన గోల్నూష్, కుంపటి మీద పొట్టి బల్ల వేసి బొంత కప్పిన కుర్సీలోకి కాళ్ళు చాపింది. కాలికి గాజుపెట్టె తగిలింది.

"అమ్మమ్మా! నా పాము కుంపటి పక్కనెందుకుంది?"

"చలికి బిగుసుకుపోతోందని నేనే పెట్టాను. బతికే ఉందిలే, అరవకు."

"ఆ పురుగుని ఈ గది గడప తొక్కనివ్వనన్నావుగా?"

"అన్నాను. చలికి చావమని అన్లేదుగా."

గోల్నూష్ పెట్టెను గబుక్కున బయటికి లాగింది.

"అడుగెంత కాలిపోతోందో చూడు! కింద కాలుతున్నా పక్కకి జరగాలని దీనికి తెలీదు."

"పుట్టినప్పట్నుంచీ ఇందులోనే పడుకుంటున్నాను. నేను కాలానా?"

"తల కూడా లోపలే పెట్టుకుంటావా?"

"ఉడికిపోనూ! కాళ్ళు లోపల, తల బయట."

"దీనికీ అంతే. పెట్టె ఒక వైపు వెచ్చగా, రెండో వైపు చల్లగా ఉండాలి. అందుకే నా గదిలో ఒక వైపు కిందే కరెంటు పట్టీ పెట్టాను. వేడెక్కువైతే దానంతటదే ఆగిపోతుంది."

"ఆ వైరా? నువ్వు ఆపడం మర్చిపోయావనుకుని పొద్దున్నే పీకేశాను."

"అమ్మమ్మా!"

"దానికీ ఓ కుర్సీ ఉందని ముందే చెప్పి ఏడవచ్చుగా! సరే, ఆ పట్టీ తెచ్చి పెట్టె ఇక్కడే గోడవార పెట్టు. వైరు జోలికి ఎవరొస్తారో నేను చూస్తా."

"నీ పక్కనా? భయం లేదూ?"

"భయమేముంది? వెచ్చటి వైపు మాత్రం నా వైపుకి తిప్పు. అది అటే చేరుతుందిగా, నేను పడుకున్నప్పుడు దాని మొహం కనపడాలి."