మూడో తాళంచెవి

హలో… ఆ, నేనేనమ్మా, తాళాలాయన్ని. మొన్న మీ తలుపుకి కొత్త తాళం బిగించాను కదా, వీధి మలుపులో కొట్టు.

…

ఇబ్బందేం లేదు. మీ తమ్ముడు ఒట్టి మతిమరుపు మనిషిలా ఉన్నాడే. మారుతాళం చేయించుకుని, అసలు తాళంచెవి నా బల్ల మీదే వదిలేసి పోయాడు. పంపించమంటారా, మీరే వస్తారా?

…

మీ తమ్ముడేనమ్మా. వెళ్లి పావుగంట కూడా కాలేదు. సన్నగా, పొడుగ్గా… నీలం చొక్కా. అక్క పంపింది, ఇంకొకటి చేయించుకు రమ్మంది అన్నాడు.

…

ఏంటీ?

…

ఒక్కతే కూతురా మీరు… పోనీ, బాబాయి కొడుకో మేనమామ కొడుకో, అలా వరసకి ఎవరైనా—

లేరు. సరే. ఉండండి… నేను మీకు మూడు తాళంచెవులిచ్చాను కదా. అవి ఎక్కడున్నాయో ఓసారి చూడండి. ఊరికే చెప్పడం కాదు, లేచి వెళ్లి చూసి చెప్పండి.

…

రెండు మేకుకే ఉన్నాయి. మరి మూడోది? పచ్చదారం కట్టిచ్చాను చూడండి, అది?

…

ఆ… నేనే చెప్పాను. కింది వాటాలో టీచరమ్మగారి దగ్గర ఒకటి పెట్టుకోండి, మీవి పోయినా తలుపు పగలగొట్టే పని ఉండదు అన్నాను. ఈ వీధిలో అందరికీ అదే చెబుతాను. అందరూ ఆవిడ దగ్గరే పెడతారు.

…

ఆ పచ్చదారమేనమ్మా ఇప్పుడు నా చేతిలో ఉన్నది. ముడి కూడా నేను వేసిందే. మీ ఇంటిదని తెలిసే చేసిచ్చాను… అక్క అన్నాడు కదా మరి.

…

లేదు లేదు, నాకేం కంగారు లేదు. నా గొంతే అంత.

…

ఆవిడని ఎందుకంటానమ్మా? పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ జుట్టు నెరిసిన మనిషి. వీధికి భద్రతా కమిటీ అంటూ ఒకటి పెట్టింది ఆవిడే. గేటు మీద ఆ కాగితం అంటించిందీ ఆవిడే… ఏ నెలలో ఎన్ని దొంగతనాలో ఎర్ర సిరాతో గీస్తారు చూడండి, అది. నాలుగు నెలల్లో అయిదిళ్లు. గీత పైకి పోయినప్పుడల్లా జనం హడలిపోయి నా కొట్టుకి పరిగెత్తుకొస్తారు. అబద్ధం ఎందుకు, దొంగల పుణ్యమా అని నాలుగు నెలలుగా నాకు అన్నం తినడానికి తీరిక లేదు.

…

అదేనమ్మా. అయిదిళ్లలోనూ తాళం పగల్లేదు. గొళ్లెం వంగలేదు. పోలీసాయన వచ్చి నన్నడిగాడు కూడా, మంచి తాళాలే వేస్తున్నావా అని. నా మీదొట్టు సార్, మేలైనవే అన్నాను.

…

అయిదిళ్లకీ నేనే బిగించాను. అయిదిటికీ మారుతాళాలు చేసిందీ నేనే. ఎవరో ఒకరు వచ్చేవారు. మా బావగారిల్లు అని ఒకసారి, అత్తగారు పోగొట్టుకుంది అని ఒకసారి… ఇన్నాళ్లూ తాళంచెవి చూశానుగానీ, తెచ్చినవాడి మొహం చూడలేదు. బుద్ధి లేదు నాకు.

…

ఎదురింటి పెద్దాయనా? ఇంకా కళ్లు తెరవలేదటమ్మా. ఇరవై రోజులయింది. పాపం, బజారుకని బయల్దేరిన మనిషి కళ్లజోడు కోసం వెనక్కొచ్చాడు. లోపల వాళ్లున్నారు. ఖాళీ ఇల్లనుకుని వస్తారమ్మా… మనిషి ఎదురుపడితే ఊరుకోరు.

అవునూ, ఈ వేళకి మీరు ఆఫీసులో ఉండాలి కదా?

…

జ్వరమా. మీరు సెలవు పెట్టిన సంగతి ఇంకెవరికి తెలుసు? కింద ఆవిడకి చెప్పారా?

…

చెప్పలేదు. ఎవరికీ తెలియదు.

విను తల్లీ. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నా కూతురికి చెప్పినట్టే చెబుతున్నాను. చెప్పులు కూడా వెతుక్కోకు. ఫోన్ చేతిలోనే పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేయ్. పట్టపగలు, పదిమంది తిరుగుతుంటారు. నేనూ కొట్టు వదిలేసి వస్తున్నాను. కింద టీచరమ్మగారు పిలిచినా ఆగొద్దు. జ్వరమా అని అడిగినా ఆగొద్దు.

…

ఏమైంది?

…

తలుపెవరు కొడుతున్నారు? పలక్కు… పలక్కమ్మా. గొంతు తగ్గించు. నేను మాట్లాడుతూనే ఉంటాను, నువ్వు విను చాలు.

…

ఆగిపోయిందా. వెళ్లిపోయారేమో… ఉండు, తొందరపడి తియ్యకు—

…

టీచరమ్మగారా? లోపలికొచ్చేశారా? నువ్వు తలుపు తీశావా?

…

తియ్యలేదు.

ఆవిడకిచ్చిన తాళంచెవి ఇక్కడ నా గుప్పిట్లో ఉంది తల్లీ. ఆవిడ దేంతో తీసింది?

…

వెనకాల ఇంకెవరైనా ఉన్నారా? ఊఁ అను చాలు.

…

నీలం చొక్కా.

సరే. ఏడవకు. ఏమీ తెలియనట్టే ఉండు. కూర్చోండమ్మా అను… ఆఫీసు ఫోన్ అని చెప్పు—

…

ఆఁ… నమస్కారం టీచరమ్మగారూ. నేనేనండి, తాళాలాయన్ని.

…

అవునండి. ఏదో చప్పుడైందని చూడటానికి వచ్చారు. మంచిపని చేశారు. మీరుండబట్టి కదండీ ఈ వీధి… ఆ అమ్మాయికి ఒళ్లు కాలిపోతోందట, డాక్టరు దగ్గరికి పంపించెయ్యండి. నేను ఆటో తీసుకుని కింద నిలబడతాను.

…

తలుపవతల నిలబడి అన్నీ విన్నారా.

…

అవునండి. బిగించింది నేనే. చేసిందీ నేనే. మీరు చదువుకున్నవారు, కమిటీ పెద్ద. మీ మాటా నా మాటా పక్కపక్కన పెడితే పోలీసులు ఎవరిది నమ్ముతారో నాకు తెలియదా.

…

నా మీదే చెప్పండి. నేనేనని నేనే రాసిస్తాను, అయిదిళ్లకీ కలిపి. పెద్దాయన్ని కొట్టింది కూడా నేనేనంటాను. మీ పేరు నా నోట రాదు, నా కూతురి మీద ఒట్టు. ఆ పిల్లని మెట్లు దిగి రానివ్వండి, అంతే. జ్వరంతో ఉంది, తనేం చూసిందో తనకే గుర్తుండదు.

…

నవ్వుతారేంటండి?

…

ఒక్కసారి ఫోన్ ఆ అమ్మాయికివ్వండి… గొంతు వింటాను. దణ్ణం పెడతానమ్మా.

…

అమ్మా… ఆ చప్పుడు గడియది. లోపల్నించి ఎందుకు వేస్తున్నారు?