గీకని పేరు

తార్నాక మెట్రో స్టేషన్ వెనక సందులో, పాత కార్లకు మళ్లీ మెరుపు తెచ్చే షాపు. మధ్యాహ్నం. షాపు నడిపే నవనీత, పొద్దున ఇచ్చిన బండిని తీసుకుపోవడానికి వచ్చిన సంజీవ్.

"తాళం ఇయ్యరాదక్కా. పని అయిపోయింది గద."

"అయిపోలే సార్."

"ఇంకేం కావాలె? డోర్ల నా మొఖం కనబడుతున్నది. పొద్దున తెచ్చినప్పుడు బూడిదల పొర్లిన బర్రె లెక్క ఉండె. గిది చాలు."

"వెనక డోర్ కాడ పని మిగిలింది."

"వెనక ఎవరు చూస్తరు? ఆదిలాబాద్‌ల పెండ్లికి పోవాలె. మా ఆమె లాలాపేట్‌ల వాళ్ల అమ్మగారింట్ల బ్యాగులు సదురుకోని కూసున్నది. ఊకె ఫోన్ చేస్తున్నది."

"ఒక్క మాట చెప్పి తీస్కపోండ్రి. గీ రంగు ఎవరేసిండ్రు?"

"పొద్దున గూడ గిదే అడిగినవు. కంపెనీ రంగని చెప్పిన గద."

"కంపెనీ రంగు కింద ఇంకో రంగుంటదా సార్? పెట్రోల్ మూత తీసి లోపట చూడుండ్రి. తెల్లగున్నది. పైనేమో బూడిద రంగు."

"అమ్మినోడు ఏపిచ్చిండేమో. నాకేం తెలుసు?"

"పొద్దున నేను ఆ పెయింటర్‌ను తిట్టిన, యాదున్నదా? పని రానోడు, పాత రాత గీకకుంటనే మీదికెల్లి రంగు కొట్టిండని."

"తిట్టినవు. ఇడిసిపెట్టు ఇగ. రంగు నాది, బండి నాది, నాకు లేని బాధ నీకెందుకు?"

"అప్పుడు ఆ రాత ఏందో నాకు తెల్వలే. ఏదో ఉన్నదని చేతికి తాకింది గంతే. రంగు మసకగున్నప్పుడు కనబడది. మిషన్ పెట్టి మెరుపు తెచ్చినంక, లైట్ పక్కకెల్లి కొడితే కింది అక్షరాల అంచులు లేస్తయి. గిట్ల వెనక డోర్ కాడికి రాండ్రి. జర వంగి చూడుండ్రి."

"నాకు టైం లేదక్కా."

"యూనివర్సిటీల పాఠాలు చెప్తరు గద. చదువుండ్రి."

"సా... సాలమ్మ... దీవెన. సాలమ్మ దీవెన. అయితే ఏంది? బండ్ల మీద అందరు రాపిచ్చుకుంటరు. అమ్మ దీవెన, నాయిన దీవెన."

"సాలమ్మ మా అమ్మ."

"లోకంల ఇంకో సాలమ్మ లేదా?"

"ఉంటది. కని 'న'కు తోక గంత పొడుగు గుంజేది మా నాయిన ఒక్కడే. ఎంకన్న పెయింటర్ అంటే తార్నాకల తెల్వనోళ్లు లేకుండె. గీ షాపు పెట్టింది ఆయనే. నా తమ్ముడు నరేందర్ సెకండ్ హ్యాండ్‌ల గీ బండి కొన్నప్పుడు, కండ్లు ఆనకున్నా కుంచె పట్టుకోని ఆయనే రాసిండు. ఆయన రాసిన ఆఖరు రాత గది."

"మరి మీ తమ్ముణ్ణే అడుగు, ఎవరికి అమ్మిండో."

"అడుగుదామంటే వాడు లేడు. బండితోని పోయిండు, ఏడాది దాటింది. కిరాయిలకు తిప్పుకుంట చదువుకునేటోడు. క్యాంపస్‌ల ఆర్ట్స్ కాలేజీ పక్కపొంటి చెట్ల కింద బండి ఆపుకునేటోడు. ఫోనొస్తే కిరాయి, లేకపోతే లైబ్రరీ. ఆఖరికి చూసినోళ్లు గూడ ఆడనే చూసిండ్రు. ఆ రోజుకెల్లి ఫోన్ బంద్. మనిషి లేడు. బండి లేదు."

"నేను దొంగను గాదక్కా. ఆర్‌సీ నా పేరు మీదున్నది. మహారాష్ట్ర నంబరుండె, కాయిదాలు నాందేడ్ ఓనర్ పేరు మీదుండె. నేనే తిరిగి తిరిగి తెలంగాణ నంబరు చేయించుకున్న."

"అవును. ఆ నాందేడాయన కాడ కొన్నంక మేము పేరు మార్పిచ్చుకోలే. తెల్ల బండి, మహారాష్ట్ర నంబరు అని నేను తిరగని జాగ లేదు. పోలీస్ స్టేషన్లు తిరిగిన, పాత బండ్ల అడ్డాలు తిరిగిన. అది వచ్చి నా షాపుల నిలబడితే గుర్తు పట్టలే. పొద్దటిసంది నురగ పెట్టి కడిగిన నా చేతులతోని."

"అక్కా, ఫోన్ మోగుతున్నది నాది. మా ఆమె. నేను పోత."

"ఎవరి కాడ కొన్నరు సార్?"

"బ్రోకర్ కాడ."

"ఏ బ్రోకర్?"

"కరీంనగర్ ఆయన. పేరు యాదికొస్తలేదు."

"పొద్దున నిజామాబాద్ అన్నరు."

"అన్ననా?"

"అన్నరు."

"ఏదో ఒకటి. ఆ దిక్కే."

"ఎందుకు దాస్తున్నరు సార్? ఏం చేసిండ్రు నా తమ్ముణ్ణి? బండి కోసం రోడ్డు మీద ఎవరన్న ఏమన్న చేసిండ్రా? మీరు చేసిండ్రంటలేను. మీకు తెలుసు. మీ మొఖంల కనబడుతున్నది. పీనుగైనా సరే, యాడ పడేసిండ్రో చెప్పుండ్రి, పోయి తెచ్చుకుంట. కేసు పెట్ట. మీ పేరు ఎత్త. మా అమ్మ మీద ఒట్టు."

"ఏయ్, లే అక్కా. కాళ్లు పట్టుకుంటవేంది? రోడ్డు మీద మంది చూస్తున్నరు."

"చూడనీ. చెప్పినదాక లెవ్వ. రేపటిలోపల నాకు తెల్వాలె."

"రేపేమున్నది?"

"ఆగుండ్రి, అమ్మ ఫోన్... ఆఁ అమ్మా. పటం ఇచ్చిండా? ఏ ఫోటో కట్టిచ్చినవే? కోటుది వద్దంటి గద. అది లిస్టు వచ్చిననాడు దిగింది... సరే సరే, ఏడ్వకు. నవ్వు మొఖం ఉన్నది గదొక్కటే, నిజమే. పూలు పెద్దనాయిన తెస్తడు. గడ్డి గూడ వాళ్లే తెస్తరట. నువ్వు ఎండల నడవకు, ఆటో ఎక్కు. బౌద్ధనగర్‌కెల్లి సీదా ఇంటికి పో. షాపుకు రాకు... ఏం లేదే, గిరాకీ ఉన్నది. షాపుకు మాత్రం రాకు."

"గడ్డి ఏందక్కా? ఫోటో ఏంది?"

"రేపు వాని దినాలు."

"ఎవరివి?"

"నా తమ్మునివే. ఏడాది దాటినా జాడ లేకపోతే చేసుడేనని మా ఊరి పెద్దమనుషులు పట్టు పట్టిండ్రు. పీనుగ లేదు గద. గడ్డితోని బొమ్మ కడ్తరు. వాని అంగి తొడుగుతరు. వాడే అనుకోని మోస్తరు, కాలుస్తరు. ఇన్నొద్దులు మా అమ్మ ఒప్పుకోలే. మొన్న ఒప్పుకున్నది. ఆ అంగి తీసి తానే ఇస్త్రీ చేసి పెట్టింది."

"కాలుస్తరా?"

"కాలుస్తరు. అందుకే అడుగుతున్న. సచ్చిండని మీరొక్క మాట చెప్తే, రేపు ఆ బొమ్మ ఎన్క కడుపుల అనుమానం లేకుంట నడుస్త."

"వద్దక్కా."

"ఏం వద్దు?"

"ఆపెయ్‌మను. రేపటిది వద్దు."

"ఎందుకు వద్దు సార్?"

"ఒట్టేసిన నేను. ఒట్టేసి ఎట్ల చెప్పను? ... బతికున్నోనికి ఎవరన్న గట్ల చేస్తరా అక్కా."

"మళ్ల అనుండ్రి."

"బతికున్నడు. నిర్మల్ దాటినంక హైవే పొంటి ఒక పెయింటింగ్ షెడ్డు ఉన్నది. గడ్డం పెంచిండు. కుమార్ అని చెప్పుకుంటడు. బండి నాకు అమ్మింది ఆయనే. రంగేసింది గూడ ఆయనే, నా కండ్ల ముంగట."

"అబద్ధం. తాళం కోసం చెప్తున్నరు."

"నాకేం అవసరం?"

"నా తమ్ముడు వేసే రంగా గిది? ఎంకన్న కొడుకు గీ పని చేస్తడా? పాత రాత గీకంది రంగు డబ్బా మూత తీయొద్దని మా నాయిన మాకు చిన్నప్పుడే నేర్పిండు. వాడు నాకంటే మంచి పనోడు."

"గీకమని నేనే చెప్పినక్కా. వెనక డోర్ కాడికి వచ్చేసరికి, ఎవరి పేరో నా బండికెందుకు, తీసెయ్ అన్న. సరే అన్నడు. రంగు గీకే వాటర్ పేపర్ నీళ్లల్ల ముంచిండు. చేతుల పట్టుకోని నిలబడ్డడు. చానా సేపు నిలబడ్డడు. నేను చాయ తాగి వచ్చినా అట్లనే ఉన్నడు. ఆఖరికి దాన్ని బకెట్ల పడేసి, 'గీకుడు అవసరం లేదు సార్, మసకల కనబడది' అన్నడు. మీదికెల్లే కొట్టిండు."

"చెయ్యి రాలే వానికి."

"ఏందక్కా?"

"పని రాక గాదు. అమ్మ పేరు మీద పేపర్ పెట్టనీకి చెయ్యి రాలే. దొంగలైతే మొదలు దాన్నే గీకుతుండె. వాడే సార్. వాడే. పొద్దటిసంది నేను తిట్టింది వాణ్ణి."

"కూసో అక్కా. నీళ్లు తాగు."

"మరి పొద్దున్నే ఎందుకు చెప్పలే? ఎందుకేసిండ్రు ఒట్టు?"

"ఆయనే ఏయించుకున్నడు. 'యాడన్న పాలిష్ చేయించుకోండ్రి, తార్నాకల మాత్రం వద్దు' అన్నడు. ఎందుకయ్యా అంటే, 'ఆడ పని నీటుగ చేస్తరు సార్, కిందిదంత బయటపడ్తది' అని నవ్విండు. నేను క్యాంపస్ క్వార్టర్స్‌ల ఉంట. దగ్గరున్నదని నీ కాడికే తెచ్చిన. ఆ మాట మర్చేపోయిన. నువ్వు పెయింటర్‌ను తిట్టినప్పుడు యాదికొచ్చింది. అప్పటికే నువ్వు సబ్బు పెడుతున్నవు."

"మేమేం చేసినం వానికి? ఒక్క మాట అనలే. ఉద్యోగం రాకపోతే మిషన్ పట్టుకుంటడు, షాపు లేదా?"

"మీరు గాదట. మీ ఊరోళ్లట. ఏదో ఫ్లెక్సీలన్నడు. నాకు సరిగ్గ చెప్పలే."

"సర్కార్ నౌకరి మొదటి లిస్టుల వాని పేరొచ్చింది సార్. ఊరు ఊరంత ఫ్లెక్సీలు కట్టింది, బస్టాండ్ కాడ, బడి కాడ. మా అమ్మను ట్రాక్టర్ మీద కూసోబెట్టి ఊరేగిచ్చిండ్రు. ఆఖరు లిస్టుల పేరు లేదు. ఫ్లెక్సీలు ఎవరు ఇప్పలే. వానలకు చినిగి చినిగి, వాని మొఖం సగం ఇంక ఆడనే యాలాడుతున్నది. 'ఎప్పుడు జాయిన్ అయితవురా' అని రోజు ఎవరో ఒకరు ఫోన్ చేసేది. జవాబు చెప్పలేక పోయిండు. అమ్మను గూడ ఇడిసి పోయిండు."

"గదేనేమో."

"నేను పోత. ఇప్పుడే పోత. నిర్మల్ ఎంత దూరం? మీ బండిల్నే తీస్కపోండ్రి."

"వద్దక్కా. 'మా ఇంటోళ్లు ఎవరన్న వస్తే గీడికెల్లి గూడ పోత, ఈసారి బతికి దొరక' అన్నడు. అప్పుడు నవ్వలే. నేను పాఠాలు చెప్పుకునే మనిషిని, గట్ల అన్న పిల్లల మొఖాలు చూసిన. ఉత్తగ అన్న మాట గాదు."

"మరి నేనేం చేయాలె? చెప్తే వాడు పోతడు. చెప్పకపోతే అమ్మ పోతది. రేపు బతికున్నోని అంగి కాలుతుంటే పక్కన నిలబడి చూడాల్నా? చెప్పు సార్, నువ్వు చదువుకున్నోనివి."

"నాకేం తెల్వదక్కా."

"ఎవ్వరికి ఏం తెల్వదు."

"అక్కా. వెనక ఎవరో నిలబడ్డరు. పటం పట్టుకోని."

"అమ్మా. ఎప్పుడొచ్చినవే? ఇంటికి పొమ్మంటి గద. సార్, ఆ లైట్ బంద్ చెయ్యుండ్రి."

"ఉండనీ సారు. బంద్ చేయకు."

"ఏం లేదమ్మా. పాత మరక. పోతలేదు."

"మరక గాదు. అది నా పేరు. సంతకం పెట్టనీకి నరేందర్ నా చెయ్యి పట్టి దిద్దిచ్చిండు. నాకు చదువొచ్చేది గదొక్కటే."

"ఎప్పటిసంది ఉన్నవే గాడ?"

"నిర్మల్ కాడ షెడ్డు ఉన్నదన్న మాట కాడికెల్లి."

"విన్నవు గద మరి. బతికున్నడమ్మా. ఆ పటం ఇట్లియ్యి. పెద్దనాయినకు ఫోన్ చేస్త, రేపటిది బంద్ చేయమని..."

"ఎవ్వరికి చేయకు. రేపటిది రేపే అయితది."

"అమ్మా, బతికున్నోనికా?"

"సచ్చిండనుకుంటేనే వాడు ఆడ బతుకుతున్నడు బిడ్డా. కాలుద్దాం. ఊరు వాని కోసం చూసుడు బంద్ చేస్తది, ఆ ఫ్లెక్సీలు ఇప్పుకుంటది. నేను ఏడుస్త. నిజంగనే ఏడుస్త, ఎవరికి అనుమానం రాదు. నువ్వు వాటర్ పేపర్ తీయ్. ఆ డోర్ మెరుపు చంపెయ్."

"ఎందుకు?"

"గీ మెరుపుల పేరు వాని కండ్ల పడితే, మనకు తెలిసిందని ఆడికెల్లి గూడ పోతడు."

"పేపర్ పెడితే పేరు గీక్కపోతదమ్మా. వానికే చెయ్యి రాలే, నాతోని పెట్టిస్తవా?"

"పోతె పోనీ. నా పేరేమన్న అన్నం పెడ్తదా? గీకు... సారు, మీరు బండి మీద ఏ దిక్కు పోతరు? నిర్మల్ మీదికెల్లి పోయేది ఉన్నదా?"

"అవునమ్మా. మా ఆమెతోని ఆదిలాబాద్‌ల పెండ్లికి పోతున్న."

"నీ పెండ్లాం పక్కన నాకింత జాగియ్యి. ఆ షెడ్డు ముంగట ఏదన్న అడిగినట్టు జర ఆపు. నేను కొంగు కప్పుకోని పండుకున్నట్టుంట. బండి దిగ, అద్దం దించ. వాడు అన్నం తిన్న మొఖమా కాదా ఒక్కసారి చూసుకోని, పొద్దుగాల మొదటి బస్సుకు వచ్చి ఆ బొమ్మకు అంగి నేనే తొడుగుత."